ఆగుట నేర్చిన బండి



బండి యెట్లు కదలినదో చెప్పువారు పలువురు గలరు. బండి యెట్లు ఆగ నేర్చినదో చెప్పువారు తక్కువ. ఆవిరియంత్రమును గూర్చియు, మోటారును గూర్చియు మనము పాఠ్యపుస్తకములలో పటములతో సహా చదివితిమి. బ్రేకును గూర్చి ఒక పుటయైనను చదివిన జ్ఞాపకము నాకు లేదు. ఆ కొరతను కొంతవరకు తీర్పగోరి నేడు మీ యెదుటికి వచ్చితిని. ఈ కోరిక నాకు గ్రంథములవలన గలిగినది కాదు. మా యింటి వాకిట జరిగిన యొక చిన్న సంగతివలన గలిగినది. ముందుగా దానిని విన్నవించెదను.

మాది ఆమదాలవలస. కొన్ని సంవత్సరముల క్రిందట, మా కారును ఆపినప్పుడెల్ల వెనుక చక్రములవద్ద ఇనుము ఇనుమును గీసినట్టి చప్పుడు వినవచ్చుచుండెను. వెనుక బ్రేకు ప్యాడ్లు అరిగినవని గ్రహించితిని. మెకానిక్కు షెడ్డునకు పోవుట యేల, నా చేతులతోనే మార్చెదనని పూనుకొంటిని. ముందు చక్రములకు ఇటుకలు అడ్డము పెట్టి, జాకీ యెత్తి, వెనుక చక్రములు విప్పి, పాత ప్యాడ్లు తీసి క్రొత్తవి అమర్చితిని. చక్రములు మరల బిగించితిని. ఇటుకలు తీసివేసితిని. పని చక్కగా ముగిసినదని నా మనస్సునకు గర్వమే కలిగెను.

మా మేనమామ అరుగుమీద కూర్చుండి ఇదంతయు చూచుచుండెను. ఆయన వయస్సంతయు ఎడ్లబండితో గడపినవాడు. మా యూర చక్కెర కర్మాగారము నడచిన దినములలో చెరకు తోలినవాడు. నేను చేతులు తుడుచుకొనుచుండగా ఆయన మెల్లగా లేచి, పెరటిలోని పగిలిన సన్నెకల్లును దొర్లించుకొని వచ్చి, కారు వెనుక చక్రమునకు జానెడు దూరమున నిలిపెను.

“ఎందుకు మామా? పని అయిపోనాది గదా!” అంటిని.

“నీ పని అయిపోనాది అల్లుడా. బండి ఆగుతాదో నేదో నాకింకా తెల్దు” అని ఆయన యనెను.

నేను నవ్వుచు లోన కూర్చుంటిని. మా వాకిలి వీధివైపునకు కొంచెము వాలుగా నుండును. పనికొరకు హ్యాండు బ్రేకు ముందే దించియుంటిని. బండి గేరుమీద నిలిచియుండెను. గేరు తీసితిని. బండి వెనుకకు కదలెను. బ్రేకు త్రొక్కితిని. పెడలు అడుగంటెను గాని బండి ఆగలేదు. హ్యాండు బ్రేకు లాగితిని. అదియు పట్టలేదు. అంతలో వెనుకనుండి చిన్న కుదుపు గలిగి బండి నిలిచెను. సన్నెకల్లు చక్రమును పట్టినది. తిరిగి చూచితిని. వీధి గుమ్మమువద్ద, బండికి నాలుగు బారల దూరమున, మా మనుమరాలు చింతగింజలతో ఆడుకొనుచుండెను.

మామ నన్ను ఒక మాటయు అనలేదు. పిల్లను చంకకెత్తుకొని లోనికి పోయెను. నాకు ఆ రాత్రి నిద్ర రాలేదు. క్రొత్త ప్యాడ్లు పెట్టిన బ్రేకు పట్టకపోవుట యేల? ఇంతటి యంత్రమును పాతరాయి యేల కాపాడవలసి వచ్చినది? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుచు పోగా, చక్రమును నిలుపుటకు మానవుడు పడిన పాట్ల చరిత్ర కొంత నాకు తెలిసినది.

మా మామ చేసిన పని మిక్కిలి ప్రాచీనమైనది. చక్రమును నిలుపుటకు మానవుడు మొదట వెదకినది రాయినే. ఇక నడచుచున్న బండికి బ్రేకు ఎడ్ల మెడలే. పల్లమునకు దిగునప్పుడు బరువంతయు ముందునకు వచ్చి కాడిమీద పడును. ఎడ్లు తల లెత్తి వెనుకకు త్రొక్కుచు దానిని ఆపవలెను. చెరువుగట్టు దిగునప్పుడు బండి వెనుక నొక దుంగను త్రాటితో కట్టి ఈడ్పించిన దినములు గలవని మా మామ చెప్పును. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. ఆపునప్పుడు బరువు ముందునకు వచ్చుననునది కారు విషయమునను చాల ముఖ్యమగును.

ఐరోపా దేశములలో గుర్రపుబండ్లకు ఒక మీట యుండెడిది. దానిని లాగిన, కర్రదిమ్మ యొకటి చక్రపు టంచును నొక్కును. ఆ కర్ర త్వరలో నునుపెక్కి జారిపోవుచుండెను, లేదా మాడిపోవుచుండెను. ఇంగ్లండు దేశమున డెర్బీషైరను కొండసీమలో, వాలు దారులు దిగు బండివాండ్రు పాత బూట్ల తోలును ఆ దిమ్మకు మేకులతో కొట్టి వాడుచుండగా, హెర్బర్టు ఫ్రూడ్ అను నతడు చూచెనని చెప్పుదురు. ఇంతకన్న మేలైన పదార్థమును చేయలేమా యని అతడు యోచించి, నేసిన పట్టీకి జిగురు పదార్థములు పట్టించి, దిమ్మకు తొడుగుగా 1897 లో తయారుచేయ మొదలిడెను. బ్రేకు లైనింగు అను వస్తువునకు ఇది యొక జన్మస్థానము. నేటి ప్యాడు ఆ బూటుతోలు వంశమునకు చెందినదే. కదలు చక్రమునకును, నిలిపెడు చేతికిని నడుమ తాను అరిగిపోవుటకు ఒప్పుకొన్న మెత్తని వస్తువు అది.

ఇక రైలు సంగతి చూతము. మా యూరి స్టేషనుకు మా యూరి పేరు లేదు. శ్రీకాకుళం రోడ్డు అని పేరు. దొరల కాలమున చికాకోల్ రోడ్డు అనెడివారు. విజయవాడనుండి కటకము వరకు ఈ తూర్పుతీరపు రైలుదారి 1893 మొదలు 1896 లోపల తెరవబడెను. ఆ దారి తెరువక కొలదికాలము ముందే, దూరదేశమున జరిగిన యొక ఘోరము రైలుబండ్ల బ్రేకుల చరిత్రనే మార్చివేసినది.

1889 జూన్ 12 వ తేదీన, ఐర్లండు దేశమున ఆర్మా పట్టణమునుండి ఆదివారపు బడిపిల్లలను, వారి పెద్దలను ఎక్కించుకొని విహారమునకు బండి యొకటి బయలుదేరెను. ఎగుడు దారిలో ఇంజను బరువు లాగలేక నిలిచిపోయెను. బండిని రెండుగా విడదీసి ముందుభాగమును మొదట చేర్చి రాదమని ఉద్యోగులు తలచిరి. ఆ బండికి వాక్యూము బ్రేకు గలదు. కాని అది ఇంజనుతో కలిసియున్నంతవరకే పట్టునట్టిది. విడిపోయిన పెట్టెలకు ఇక వెనుక పెట్టెలోని చేతిబ్రేకే దిక్కు. కావున చక్రముల క్రింద రాళ్లు పెట్టిరి. ముందుభాగము కదలునప్పుడు కొంచెము వెనుకకు జారి ఆ పెట్టెలకు తగిలెను. ఆ రాళ్లు ఆ బరువునకు ఆగలేదు. పది పెట్టెలు వాలున వెనుకకు దొర్లి, క్రిందనుండి వచ్చుచున్న వేరొక బండిని ఢీకొనెను. 80 మంది మరణించిరి. వారిలో అనేకులు పిల్లలు.

మా వాకిట నిలిచిన రాయి అక్కడ నిలువలేదు. ఈ భేదమును తలచినప్పుడెల్ల నా గుండె గతుక్కుమనును. రాయి మనకు సాయమే గాని బ్రేకు గాదు.

ఆ సంవత్సరమే బ్రిటిషు పార్లమెంటు చట్టము చేసి, ప్రయాణికుల బండ్లకు ఆదినుండి అంతమువరకు, తనంతట తాను పట్టు బ్రేకును నిర్బంధము చేసెను. తనంతట తాను పట్టుట యనగా నేమి? అమెరికా దేశీయుడు జార్జి వెస్టింగ్‌హౌస్ 1869 లో గాలి బ్రేకును కనిపెట్టెను. కొలది సంవత్సరములలో దానిని తలక్రిందు చేసెను. మొదట గాలి వచ్చిన బ్రేకు పట్టెడిది. తరువాత గొట్టములో గాలి యున్నంతసేపు బ్రేకు విడిచియుండి, గాలి పోయినచో పట్టునట్లు ఏర్పరచెను. గొట్టము తెగినను, పెట్టెలు విడిపోయినను బండి ఆగిపోవును. వాక్యూము బ్రేకు ఇందుకు విపర్యయము. లోనికి గాలి చొచ్చిన పట్టును. మన రైళ్లలో చిరకాలము వాక్యూము బ్రేకులే యుండి, తరువాత గాలి బ్రేకులు వచ్చినవి. రైలుపెట్టెలో ఆపద గొలుసు లాగినప్పుడు బండి ఆగుట ఈ సూత్రముననే. చెడినప్పుడు కదలుట గాక ఆగుట జరుగవలెనని మానవుడు నేర్చికొన్న పాఠ మిది.

ఇప్పుడు మోటారునకు వత్తము. తొలి కార్లకు బ్రేకులు సాధారణముగా వెనుక చక్రములకే యుండెడివి. ముందు చక్రములు దారి త్రిప్పవలసినవి గనుక వానికి కడ్డీలు, తీగలు అమర్చుట కష్టము. ముందు చక్రములు గట్టిగా పట్టినచో బండి బోల్తాపడునను భయమును ఉండెను. 1902 లో ఫ్రాన్సు దేశీయుడు లూయీ రెనో డ్రమ్ము బ్రేకును ప్రవేశపెట్టెను. అందు డోలువంటి గిన్నెలో రెండు చంద్రవంకలు వెడల్పై లోపలివైపున నొక్కును. ఆ సంవత్సరమే ఇంగ్లండున ఫ్రెడరిక్ లాంచెస్టరు డిస్కు బ్రేకునకు పేటెంటు పొందెను. తిరుగుచున్న పళ్లెమును రెండు ప్రక్కలనుండి పట్టకారువలె పట్టుట దాని పద్ధతి. కాని ఆనాటి లోహపు ప్యాడ్లు కీచుమని అరచుచు త్వరగా అరుగుటచే, డిస్కు అర్ధశతాబ్దము మూలబడియుండెను.

కాలి బలము నాలుగు చక్రములకు సమముగా పంచుట మరియొక చిక్కు. దీనిని తీర్చినది ద్రవము. మూసిన పాత్రలోని ద్రవమును ఒకచోట నొక్కిన, ఆ ఒత్తిడి అన్ని దిక్కులకు సమముగా ప్రాకునని పదునేడవ శతాబ్దమున పాస్కల్ అను ఫ్రెంచి పండితుడు చెప్పియుండెను. ఆ సూత్రము నాధారముగా గొని మాల్కం లాక్‌హీడ్ అను అమెరికనుడు బ్రేకు ఆయిలుతో పనిచేయు పద్ధతిని కల్పించెను. 1921 లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రములకు ఈ బ్రేకులతో వెలువడెను. అప్పటినుండి ముందు బ్రేకులే ప్రధానములైనవి. ఏలయన ఆపునప్పుడు బరువు ముందునకు వచ్చును. ఎడ్ల మెడలు ఎరిగిన సంగతి ఇంజనీర్లు లెక్కలతో ఎరిగిరి. 1953 లో ఫ్రాన్సున ల మాన్ అనుచోట ఇరువది నాలుగు గంటల పందెమున జాగ్వారు కారు డన్‌లప్ డిస్కు బ్రేకులతో గెలిచెను. డ్రమ్ములు కాగి పట్టు తప్పుచోట డిస్కులు గాలికి చల్లారి పట్టు నిలుపుకొనెను. అంతటినుండి డిస్కునకు మరల మంచిదినములు వచ్చినవి.

అట్లయిన వెనుక బ్రేకు నిరుపయోగమా? కాదు. ముందు చక్రములు నడచుచున్న బండిని ఆపును. నిలిచిన బండిని కాచునది చాల కార్లలో వెనుక బ్రేకే. హ్యాండు బ్రేకు పట్టునది దానినే. నా వాకిట రెండు బ్రేకులును ఒక్కసారిగా తప్పిపోవుటకు కారణము ఇక్కడనే యున్నది.

ప్యాడు అరిగినకొలది పిస్టను కొంచెము కొంచెముగా ముందునకు వచ్చును. క్రొత్త ప్యాడు మందముగా నుండును గనుక, దానికి చోటిచ్చుటకు పిస్టనును వెనుకకు నెట్టవలెను. నేను నెట్టితిని. అప్పుడు పిస్టనునకును ప్యాడునకును నడుమ సందు మిగిలినది. మొదటిసారి త్రొక్కిన త్రొక్కంతయు ఆ సందును నింపుటకే చాలక పెడలు అడుగంటినది. హ్యాండు బ్రేకునకును ఆ సందే శత్రువైనది. బండి కదలకముందే పెడలును పదిసార్లు నెమ్మదిగా త్రొక్కియుండిన, అది గట్టిపడి యుండెడిది. మరునాడు సన్నెకల్లు అడ్డముంచి అట్లు చేయగా నాలుగైదు త్రొక్కులకు పెడలు పైకి నిలిచినది. నా తప్పు అంత చిన్నది. దాని ఫలము ఎంత పెద్దదై యుండెడిదో మీరే యోచింపుడు.

ఈ పని ఇంట చేయుటకు మీ కుమారులో, మనుమలో పూనుకొనవచ్చును. వారికి మీరు ఈ సంగతులు చెప్పుడు. సమతలమగు నేలమీదనే చేయవలెను. మా వాకిలివంటి వాలు పనికిరాదు. ముందు చక్రములకు రెండువైపుల అడ్డములు పెట్టవలెను. హ్యాండు బ్రేకు దించవలెను. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు గాదు. గట్టి స్టాండు క్రింద నిలిపిన వెనుకనే చేయి లోపల పెట్టవలెను. విప్పిన కాలిపరును దాని రబ్బరు గొట్టమున వ్రేలాడనీయక తీగతో కట్టవలెను. వెనుక పిస్టను పెక్కు కార్లలో మరవంటిది. తిన్నగా నొక్కిన చెడిపోవును, త్రిప్పుచు నెట్టవలెను. విద్యుత్తు హ్యాండు బ్రేకు గల కార్లకు వేరొక విధి గలదు. దానిని కారుతో వచ్చిన పుస్తకమున చూచియే చేయవలెను, లేదా తెలిసినవానికి అప్పగింపవలెను. పిస్టను వెనుకకు పోవునప్పుడు పైడబ్బాలో బ్రేకు ఆయిలు పొంగును. అది రంగును తినివేయును గనుక కనిపెట్టియుండవలెను. ఒక ప్రక్క మార్చి మరియొక ప్రక్క విడువరాదు. బండి ఒకవైపునకు లాగును. ప్యాడు మందము మూడు మిల్లీమీటర్లకు దిగినచో మార్చుటయే మేలు. ఇనుము గీయుదాక ఆగిన పళ్లెము కూడ చెడును. చక్రపు నట్లు ఎదురెదురుగా బిగింపవలెను. అంతట పెడలు గట్టిపడువరకు త్రొక్కి, హ్యాండు బ్రేకు పలుమారులు లాగి చూచి, అప్పుడు గాని కదలరాదు.

ఇంకొక జాగ్రత్త గలదు. పాత ప్యాడులు తీయగా నల్లని ధూళి రాలును. దానిని నోటితో ఊదరాదు. ఫ్రూడ్ గారి సంస్థ 1908 నాటికి రాతినారను లైనింగులలో చేర్చెను. రాతినార యనగా ఆస్‌బెస్టాస్. మన యింటి కప్పులకు వేయు సిమెంటు రేకులలో కలిపిన పదార్థమే. అది ఎంత వేడికిని కాలదు. బ్రేకులకు అంతకుమించిన వస్తువు లేదని లోకము మురిసెను. కాని ఆ నారపోగులు ఊపిరితిత్తులలో చేరి, ఇరువది ముప్పది యేండ్ల తరువాత ప్రాణాంతక రోగములను పుట్టించునని వైద్యులు కనుగొనిరి. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతమున రాతినార గనులు నడచెను. 1986 లో ప్రభుత్వము క్రొత్త కౌలుల నిచ్చుట నిలిపివేసెను. బ్రిటను దేశము 1999 లో దాని వాడుకను నిషేధించెను. అనేక దేశములలో ప్యాడ్లకు దానిబదులు లోహపు పొడి, గాజునార, కృత్రిమపు నార మొదలైనవి వచ్చినవి. వానితో కలుపు పదార్థములలో ముగ్గురాయి యొకటి. మన యాడువారు వాకిట ముగ్గు పెట్టు ఆ రాయికి కడప సీమలోని మంగంపేట ప్రపంచప్రసిద్ధి గాంచినది. ప్యాడు దేనితో చేసినదో పైకి తెలియదు గనుక, ధూళిని తడిగుడ్డతో తుడిచి, ముక్కునకు అడ్డము కట్టుకొనుటయే బుద్ధిమంతుల పని. ఒక ఆపదను తప్పించు వస్తువు వేరొక ఆపదను మోసికొని రావచ్చునని ఈ రాతినార చరిత్ర మనకు నేర్పుచున్నది.

సాలూరు దాటి ఒడిశా వైపు పోవు ఘాటుదారిని గాని, అనంతగిరి ఘాటును గాని దిగువారికి ఇంకొక మాట. బండి చలనమును బ్రేకు వేడిగా మార్చును. అరచేతులు రుద్దుకొన్న వెచ్చనగుట వంటిదే. వేగము రెండింతలైన ఆ వేడి నాలుగింత లగును. దిగినంతసేపు బ్రేకుమీదనే కాలుంచినచో ప్యాడ్లు కాగి పట్టు సడలును. పాత బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చికొని యుండును. ఆ నీరు వేడికి ఆవిరియైన పెడలు మెత్తబడును. కావున చిన్నగేరులో, ఇంజనే పట్టి దించునట్లు నడుపవలెను. ఆయిలును రెండు సంవత్సరముల కొకమారు మార్పించవలెను.

2019 ఏప్రిలు నుండి మన దేశమున అమ్ము క్రొత్త కార్లన్నిటికి, చక్రము బిగిసి జారిపోకుండ కాచు ఏ.బి.ఎస్. అను ఏర్పాటు నిర్బంధమైనది. జర్మనీ దేశమున 1978 లో కార్లకు వచ్చిన విద్య యది. మంచిదే. కాని ఆ విద్యయు, పాస్కల్ సూత్రమును, ఫ్రూడ్ బుద్ధియు, తుదకు వ్రేలెడు మందము లేని ప్యాడుమీదనే ఆధారపడియున్నవి. అది అరిగిపోయిన వెనుక ఎంత ఖరీదుగల బండియైనను మా మామ నాటి చెరకుబండికన్న హీనమే. ఆ బండికి ఎడ్లయినను ఉండెడివి.

ఆ పగిలిన సన్నెకల్లు నేటికిని మా వాకిట నున్నది. మామ ఇప్పుడు లేడు. బ్రేకు పని చేసినప్పుడెల్ల దానిని చక్రము వెనుక పెట్టుదును. పెట్టి, పెడలు గట్టిపడువరకు త్రొక్కి చూతును. చూచిన తరువాత, పిల్ల ఎక్కడ నున్నదో ఒకమారు పిలిచి తెలిసికొందును. ఇంతయు ముగిసిన పిమ్మటనే గేరు తీయుదును.